లారీల సినిమాలో పోశెట్టి

నాకు సినిమాలంటే పెద్దగా పడదు. నేను రాడ్ బెండింగ్ చేసేవాణ్ని. వారమంతా సైట్‌లో ఇనుము వంచి, సెలవు రోజున కూడా ఎవడో తుపాకీ పేలుస్తుంటే నోరు తెరుచుకుని చూడడం నా వల్ల కాదు. కానీ ఒమాన్‌లో, మబేలా క్యాంపులో మా రూమ్ ఒక్కటే, టీవీ ఒక్కటే, మంచాలు ఎనిమిది. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాసెట్ పెట్టారంటే నేను మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ని. అయినా చెవులు ఎక్కడికి పోతాయి? అందులోనూ ఖాదర్‌వలి కథ చెప్పడం మొదలుపెట్టాక.

ఖాదర్‌వలిది కడప. మా క్యాంపు వంట ఆయనదే. అంతకుముందు అల్ ఖువైర్‌లో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో వంట చేశాడు కాబట్టి ఆయనకు ఇంగ్లీషు వచ్చని మావాళ్ల నమ్మకం. ఉప్పు ఎక్కువ, నూనె తక్కువ అనే మాటలు దాటి ఆయనకేమైనా వచ్చినట్టు నాకెప్పుడూ కనపడలేదు. అయినా భుజం మీద తువ్వాలు వేసుకుని టీవీ పక్కన నిలబడి, ప్రతి ఇంగ్లీషు సినిమానూ తెలుగులో చెప్పేవాడు. సైన్యాధికారిని హీరోకు మేనమామను చేసేవాడు. గూఢచారిణికి ఒక చెల్లెల్ని పుట్టించి, ఆమె పెళ్లి కోసమే ఈమె తిప్పలు పడుతోందనేవాడు. అన్నిటికంటే పెద్ద విచిత్రం, ఆయన చెప్పే కథలో ఎవరూ చచ్చేవారు కాదు. తెర మీద మనిషి తునాతునకలైపోయినా సరే, "దెబ్బ తగిలిందంతే. ఆస్పత్రికి తీస్కపోతాండారు. నెల తిరిగేసరికి లేస్తాడు" అనేవాడు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ల ముందు, అదీ అన్నం తిని కూర్చున్నాక, చావు మాట ఎందుకన్నది ఆయన వాదన. అబద్ధం చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ ఆ రూమ్‌లో నా మాట వినేవాడెవడు?

మా అందరిలో పెద్దవాడు గంగన్న. మెట్‌పల్లి పక్క ఊరు, మేస్త్రీ పని. గోడ కడితే వంక పెట్టడానికి ఉండదు, నోరు తెరిస్తే రెండు మాటలకు మించి రావు. ఆయన తమ్ముడు పోశెట్టి కువైట్‌లో ఒక అరబ్బు దగ్గర ఎడారిలో గొర్రెలు కాసేవాడు. తొంభైలో ఆ దేశం మీద ఇరాక్ సైన్యం వచ్చి పడ్డాక వేల మంది మనవాళ్లు లారీలెక్కి, బస్సులెక్కి జోర్డాన్ మీదుగా ఇల్లు చేరారు. పోశెట్టి చేరలేదు. జగిత్యాల వైపు ఒకడు తనూ పోశెట్టీ ఒకే లారీ ఎక్కామని, మధ్యలో ఎక్కడో బండి ఆగి మళ్లీ కదిలాక చూస్తే అతను లేడని చెప్పాడు. అంతకుమించి ఒక్క ముక్క తెలియలేదు. ఎంబసీకి పోయినా, తిరిగొచ్చినవాళ్లను పట్టుకుని అడిగినా, ఉన్నాడనీ అనరు, లేడనీ అనరు.

ఊళ్లో పోశెట్టి పెండ్లాం శాంతమ్మ ఉంది. పెళ్లయిన ఆర్నెల్లకే అతను విమానం ఎక్కాడు. పిల్లలు లేరు. వాళ్ల కులంలో మొగుడు పోయిన పిల్లకు మారుమనువు చేస్తారు, తప్పు పట్టరు. కాకపోతే మొగుడు పోయాడని తేలాలి. పోవడం కళ్లారా చూసినవాడు ఒకడైనా ఉండాలి, లేదంటే ఇంటిపెద్ద తన నోటితో లేడని చెప్పాలి. తండ్రి ఎప్పుడో పోయాడు, ఇంటిపెద్ద గంగన్నే. శాంతమ్మ తల్లిగారి వాళ్లు ఆ ఒక్క మాట కోసం లీవు మీద పోయి వచ్చే ప్రతి మనిషితోనూ కబురు పెట్టేవారు. ఇటు పేరంటానికి పిలవరు, అటు ఓదార్చరు, పిల్ల మధ్యలో మగ్గిపోతోందని వాళ్ల బాధ. అది నిజమే కదా.

ఒకరోజు అల్ ఖౌద్ సైట్‌లో స్లాబు కింద నీడకు కూర్చున్నప్పుడు గంగన్న ఉన్నట్టుండి నాతో అన్నాడు. "తమ్ముణ్ని నా నోటితోని ఎట్ల సంపుదు సురేందర్?"

లే, డ్యూటీ టైం అయింది అన్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అనుకుంటా, మబేలాలో వీడియో షాపు నడిపే ఫక్రుద్దీన్ దగ్గరికి ఒక క్యాసెట్ వచ్చింది. రాబోయే హాలీవుడ్ సినిమాల ముక్కలన్నీ అందులో ఉన్నాయి. ఫక్రుద్దీన్‌ది హైదరాబాద్, మాటలు అమ్ముకుని బతికే మనిషి. షాపు ముందు టీవీ పెట్టి ఆ క్యాసెట్‌ను పొద్దంతా తిప్పేవాడు. నిజం యుద్ధం అయిపోయింది, ఇక సినిమావాళ్ల యుద్ధం మొదలు, ఈసారి అందరికీ కావలసినవి వస్తున్నాయని ఊరించేవాడు. చూద్దును కదా, అలాగే ఉంది. దెబ్బ తిన్న సిపాయికీ నర్సమ్మకూ ప్రేమ ఒకటి. పటాలంలో వంటవాడు చేసే అల్లరి ఒకటి. ఇసుకలో కూరుకుపోయిన ట్యాంకులో దయ్యం ఒకటి. విమానాలు ఒకటి, గూఢచారులు ఒకటి. మన మనుషుల శవాలు ఇంకా దొరకనేలేదు, అప్పుడే నవ్వించడానికీ భయపెట్టడానికీ అన్నీ సిద్ధం చేశారు. నాకు మండుకొచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించాను. ప్రతి ముక్కలోనూ వెనకాల ఎక్కడో మాలాంటి మనుషులు ఉన్నారు. చాయ్ మోస్తూనో, పరుగెత్తుతూనో, కింద పడుతూనో కనిపించి, అంతలోనే పోయేవారు.

ఆ క్యాసెట్‌లో చివరిది లారీల సినిమా. దాని అసలు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. ఎవరో తెల్ల కుటుంబం యుద్ధంలో చిక్కుకుని ఎడారి దాటి పారిపోయే కథలా ఉంది. అందులో ఒకచోట లారీల వరస, లారీల పక్కన మూటలతో జనం. వాళ్లలో ఒకడు తలకు రుమాలు చుట్టుకుని, మూటను ఎడమ భుజానికెత్తుకుని, ఆ భుజం కొంచెం కిందికి వాల్చి నడుస్తున్నాడు. వెనక్కి తిరగబోతాడు, అంతలో బొమ్మ మారిపోతుంది.

ఆరోజు సరుకులకు పోయి నేను, గంగన్న, ఖాదర్‌వలి ఆ షాపు ముందు ఆగాం. గంగన్న చేతిలో పెరుగు డబ్బా ఉంది. అది కింద పెట్టి టీవీ దగ్గరికి పోయాడు. మళ్లీ వెయ్యమన్నాడు. ఫక్రుద్దీన్ వేశాడు. మళ్లీ అన్నాడు, మళ్లీ వేశాడు. ఆ రుమాలు చుట్టు తమదేనని, ఆ భుజం చిన్నప్పుడు బండి మీంచి పడితే అలా వాలిందని, అది పోశెట్టేనని అన్నాడు. తరువాత ఖాదర్‌వలి వైపు తిరిగి, బొమ్మ వెనక బొంగురు గొంతువాడు ఏం చెబుతున్నాడని అడిగాడు.

ఖాదర్‌వలి గంగన్న మొహంలోకి చూశాడు. ఆ తరువాత టీవీలోకి చూశాడు. "నిజంగా జరిగిందే తీసినారంట గంగన్నా. ఆ లారీల్లో వచ్చినోళ్లనే పెట్టి తీసినారంట. చలికాలంలో వస్తాదంట."

దారిలో నేను ఆయన్ని పట్టుకుని దులిపేశాను. నీకు అక్షరం ముక్క అర్థం కాలేదని నాకు తెలుసు, ఎందుకలా చెప్పావన్నాను. ఖాదర్‌వలి తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆ మొహం చూశాక ఇంకో మాట నోట్లోంచి వస్తుందా అని ఎదురడిగాడు. అది ఆస్పత్రి కథ కాదయ్యా, ఊళ్లో ఒక ఆడపిల్ల బతుకు అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ముందుకు నడిచాడు.

నేను భయపడ్డట్టే అయింది. వారం తిరగకుండా గంగన్న ఊరికి కబురు పెట్టాడు. తమ్ముని జాడ తెలిసింది, చలికాలం దాకా ఆగండి అని. అప్పటికే తల్లిగారి వాళ్లు కోరుట్లలో ఒక సంబంధం మాట్లాడి ఉన్నారు. పెండ్లాం చనిపోయిన మనిషి, బీడీల కార్ఖానాలో పని, నెమ్మదస్తుడట. ఈ కబురు విని ఆగారు. కోరుట్ల మనిషి కొన్నాళ్లు చూసి వేరే పిల్లను చేసుకున్నాడు.

చలికాలం వచ్చింది. ఫక్రుద్దీన్ షాపులోకి ఆ యుద్ధం సినిమాలు ఒక్కొక్కటే దిగాయి. వంటవాడి సినిమా వచ్చింది, రూమంతా నవ్వింది. నర్సు సినిమా వచ్చింది, ఖాదర్‌వలి ఆమెను ఏకంగా హీరోకు మరదల్ని చేసి పారేశాడు. ట్యాంకులో దయ్యాన్ని కూడా చూశాం. గంగన్న వీటిలో హీరోను చూడడు, కథ వినడు. టీవీకి జానెడు దూరంలో కూర్చుని తెర అంచుల్లో వెతికేవాడు. చాయ్ మోసేవాడు వస్తే ముందుకు వంగేవాడు. లారీల సినిమా మాత్రం రాలేదు. అమెరికాలో వాయిదా పడిందని, పండక్కి వస్తుందని, ఎండాకాలంలో వస్తుందని ఫక్రుద్దీన్ ఒక్కోసారి ఒక్కో మాట చెప్పేవాడు. గంగన్న ప్రతి శుక్రవారం పోయి అడిగేవాడు. ఆశ మనిషిని ఇంతగా నమిలేస్తుందని నేను అంతకుముందు ఎరగను.

చివరికి ఖర్జూరాలు పండే రోజుల్లో వచ్చింది. గంగన్న ఆ శుక్రవారం తలస్నానం చేసి ఉతికిన అంగీ వేసుకున్నాడు. అన్నం ముట్టలేదు. నేను కూడా ఆరోజు గోడవైపు తిరగలేదు. ఖాదర్‌వలి ఎప్పటిలా టీవీ పక్కన నిలబడ్డాడు గానీ కథ మొదలుపెట్టలేదు. తెల్ల కుటుంబం ఏడ్చింది, కొట్లాడుకుంది, కారు చెడిపోయింది. అదంతా ఎందుకని మేమెవరమూ అడగలేదు.

లారీల వరస వచ్చింది. రుమాలు మనిషి వచ్చాడు. మూట, వాలిన భుజం, అంతా అదే. ఈసారి బొమ్మ మారలేదు. అతను పూర్తిగా వెనక్కి తిరిగాడు. కోల మొహం, మెల్లకన్ను, గడ్డంలో సొట్ట. ఏ దేశం వాడో, రోజు కూలికి తెరమీదికొచ్చిన మనిషి. పోశెట్టి ఫోటో మా రూమ్‌లో గోడకే ఉంది, ఆ పోలిక మచ్చుకైనా లేదు. గంగన్న దాన్ని అర్థం చేసుకునేలోపే విమానం చప్పుడయింది. బాంబు పడింది. ఇసుక లేచి, దిగింది. రుమాలు మనిషి లారీ చక్రం పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. తెల్ల కుటుంబం అతన్ని దాటుకుని పరుగెత్తింది.

ఖాదర్‌వలి అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. దెబ్బ తగిలిందంతే అనబోయాడు. గంగన్న చెయ్యెత్తి ఆపాడు.

"భాయ్, సచ్చిపోయిండా, లేదా? గది జెప్పు."

ఖాదర్‌వలి తువ్వాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు నలిపాడు. "సచ్చిపోయినాడు గంగన్నా" అన్నాడు. ఆయన నోట చావు మాట మేము వినడం అదే మొదలు.

గంగన్న లేచి టీవీ ఆపేశాడు. సాయంత్రం దాకా బయట నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. నేను చాయ్ పట్టుకుని పోయాను. ఆ మనిషి పోశెట్టి కాదని ఆయనకు తెలుసు, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. తన తమ్ముడు ఎలా పడ్డాడో ఎవరూ చూడలేదని, ఈ మనిషి పడడం మాత్రం తను చూశాడని అన్నాడు. లారీ అదే, ఇసుక అదే, మనిషి కూడా అలాంటివాడే. చూశానంటే అది పూర్తిగా అబద్ధం ఎలా అవుతుందని నన్నే అడిగాడు. నాకు మంట రావాల్సింది, రాలేదు. కోరుట్ల మనిషి చేజారిపోయాడు, ఇంకో సంబంధమైనా దొరకాలంటే ఈ మాట ఊరికి పోవాల్సిందే కదా అనిపించింది.

మా దగ్గర ఉత్తరాల కంటే టేపుల వాడకమే ఎక్కువ. రాయడం రానివాళ్లం, టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఇంటికి పోయేవాడి చేతిలో క్యాసెట్ పెట్టేవాళ్లం. ఊళ్లోవాళ్లూ అలాగే జవాబు పంపేవారు. మరుసటి వారం గంగన్న మంచం మీద రికార్డర్ పెట్టుకున్నాడు. మమ్మల్ని చప్పుడు చెయ్యొద్దన్నాడు.

"శాంతమ్మా, నేను గంగన్న బావను. తమ్ముణ్ని సూసిన. వీడియో క్యాసెట్ల సూసిన. లారీల కాడ బాంబు పడ్డది. ఇగ లేడు. నువ్వు ఇగ ఎదురుసూడకు బిడ్డా."

క్యాసెట్ పోయింది. గంగన్న గుండు చేయించుకున్నాడు. సీబ్ సముద్రం ఒడ్డుకు పోయి పోశెట్టి పేరున పిట్టకు పెట్టాం, కాకులకు పిండం అన్నమాట. అన్నం, కోడికూర వండింది ఖాదర్‌వలి. గిన్నె నెత్తిన పెట్టుకుని ఇసుకలో మోసిందీ ఆయనే. చనిపోయినవాడికి కోరిక ఏదైనా మిగిలి ఉంటే కాకి ముట్టదంటారు. ఒమాన్ కాకులకు మొహమాటం లేదు, విస్తరి కింద పెట్టకముందే వచ్చి పడ్డాయి. మావాళ్లు తృప్తిగా తలలూపారు. గంగన్న మాత్రం ఆ కాకుల్ని అనుమానంగా చూశాడు.

రెండు నెలలకు శాంతమ్మ టేపు వచ్చింది. మెట్‌పల్లి మనిషి తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్ల గొంతు మేమెవరమూ అంతకుముందు వినలేదు. చిన్న గొంతు, గట్టిగా మాట్లాడడానికి సిగ్గుపడే గొంతు.

"బావా, నువ్వు సూసిన్నంటివి. నాకు గూడ సూపియ్యి. మెట్‌పల్లిల వీడియో దుకాణం ఉన్నదట. గా క్యాసెట్ ఎవలన్న వచ్చేటోళ్లతోని పంపు. ఆర్నెల్లే గద బావా, ఆయన మొగం గూడ నాకు సరింగ యాదికొస్తలేదు. ఫోటుల ఉన్నది ఫోటు మొగమే. పడేటప్పుడన్న ఒక్కసారి సూస్త. ఏడ్వ. సూసినంక మీరు ఏం జెయ్యిమంటె గది జేస్త. అందాంక బొట్టు మాత్రం తియ్యను."

టేపు ఇంకా తిరుగుతోంది. వెనక ఏదో మేక అరిచింది, ఎవరో తలుపు వేశారు, అంతే. గంగన్న తల వంచుకుని వింటూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, అందరికీ వచ్చింది.

ముందుగా నోరు తెరిచింది ఖాదర్‌వలే. మొహం సరిగా గుర్తు లేదంటోంది కదా, సినిమాలో ఆ మనిషి కనపడేది నిమిషం కూడా ఉండదు, పైగా మసి, దుమ్ము. పంపితే ఆయనే అనుకుంటుంది, ఒకసారి ఏడ్చి ఊరుకుంటుంది, పాపం ఆమె దారి ఆమెకు దొరుకుతుంది అన్నాడు. దుర్మార్గంగా అన్న మాట కాదది. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. మంచాల మీద ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, అదే మంచిదన్నారు. నన్నడిగారు. నేను తెలియదన్నాను.

గంగన్న ఆ సాయంత్రమే పోయి ఫక్రుద్దీన్ దగ్గర లారీల సినిమాకు కాపీ తీయించుకుని వచ్చాడు. వారం రోజులు అది ఆయన తలగడ కింద ఉంది. ఆ వారంలో ఊరికి పోయే మనిషి కూడా దొరికాడు. శుక్రవారం పొద్దున ఆ మనిషి పెట్టె కట్టుకుని మా రూమ్ ముందుకొచ్చి, ఏమైనా పంపేదుందా అని అడిగాడు. గంగన్న వీడియో క్యాసెట్ చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ మనిషిని కాసేపు కూర్చోమని చెప్పి, దాన్ని పక్కన పెట్టి రికార్డర్ దగ్గరికి లాక్కున్నాడు.

ఈసారి మమ్మల్ని నిశ్శబ్దంగా ఉండమని అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాక మేమే ఆగిపోయాం.

"శాంతమ్మా, గా క్యాసెట్ల ఉన్నాయన మనోడు గాదు. ఎవలో. పరాయోని మొగం నీకు సూపెట్టి నీ మొగడని జెప్పలేను. మనోడు ఉన్నడో లేడో నాకు ఎర్క లేదు. ఎవ్వలకు ఎర్క లేదు. ఉన్నడని నేనే అంటి, లేడని నేనే అంటి. నడుమ నీకు ఏండ్లు పాయె." ఖాదర్‌వలి మంచినీళ్లు అందించాడు, గంగన్న తీసుకోలేదు. "ఇగ నా మాట కోసం ఆగకు బిడ్డా. బొట్టు ఉంచుకుంటవో, తీస్తవో, మనువే పోతవో, అది నీ ఇష్టం. ఎవలన్న అడిగితె గంగన్న బావ ఒప్పుకున్నడని జెప్పు. గీ టేపు పెట్టి ఇనిపియ్యి."

మీట నొక్కి ఆపాడు. క్యాసెట్ బయటికి తీసి, దాని మీద మళ్లీ ఎవరూ ఇంకో మాట ఎక్కించకుండా అంచునున్న రెండు ముక్కలనూ బొటనవేలి గోటితో విరిచేశాడు. ఆ తరువాత దాన్ని రుమాల్లో చుట్టి వాకిట్లో కూర్చున్న మనిషి చేతికిచ్చాడు.